మత్తుకు ముందు

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం జహీరా బీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి మాఫీ అడిగింది. హజ్‌కు పోయేవాళ్ళు, దూరప్రయాణం కట్టేవాళ్ళు అట్లా అడగడం వాళ్ళలో ఉన్న మర్యాదే. "అన్నమాట, విన్నమాట మాఫ్ చేయండి" అని వీళ్ళంటే, "మాఫే, మీరూ చేయండి" అని వాళ్ళంటారు. ఆసుపత్రికి పోతూ అడిగినవాళ్ళు మాత్రం ఆ వీధిలో తక్కువ. కోత అంటే ఆమెకు భయం లేదు. భయమంతా మత్తు గురించే. నిద్రయితే ఎవరైనా పిలిస్తే లేస్తాం, దోమ కుడితే లేస్తాం. పొట్టకు నాలుగు చిల్లులు పెట్టినా తెలియనంత దూరం పోయిన మనిషి మళ్ళీ ఏ దారిన వెనక్కి వస్తుంది?

ఆదోనిలో ఆ వీధి సగం దూదేకులవాళ్ళది. దూది ఏకడం మిషన్లకు పోయింది. పరుపులు, బొంతలు కుట్టడం మాత్రం ఇంకా చేతుల్లోనే ఉంది. పక్కింటి ఖాసింబీ గడపలో కూర్చుని పరుపు గలీబుకు కుట్టు వేస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఏ మాటకు మాఫీ? నా కోడల్ని పొగిడి నన్ను తిడితివి, దానికా? నా గ్రైండరు తీసకపోయి చెడగొట్టి తెస్తివి, దానికా?"

"రెండిటికీ."

"గ్రైండరుకు మాఫ్. కోడలి సంగతి నువ్వు లేసి వచ్చినంక సూస్తాం."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. జహీరా బీ కూడా నవ్వింది. నవ్వితే కుడిపక్క, పక్కటెముకల కింద పట్టేసింది. పొద్దున ఆసుపత్రిలో నర్సు మౌనిక ఆ చోటే వేలితో తాకి, "పిత్తాశయంలో ఈ రాళ్ళు రేపటినుంచి నిన్ను సతాయించవులే జహీరమ్మా" అన్నది.

సన్నగా, చెవులకు చిన్న రాళ్ళ కమ్మలు పెట్టుకుని ఉండే పిల్ల మౌనిక. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. రేపటికి ఏమేం చేయాలో జహీరా బీని, ఆమె కూతురు హుస్నాను కూర్చోబెట్టి చెప్పింది.

"రాత్రి పన్నెండు దాటినాక ఏమీ వద్దు. టిఫిన్ వద్దు, టీ వద్దు, నీళ్ళు గూడ ఒక్క గుటక వద్దు. నేనేం సెప్పినానో మళ్ళీ సెప్పు."

"నలభై ఏండ్లుగా రోజాలుంటాండా పాపా. నాకే నేర్పిస్తావా ఒక్కపొద్దు ఉండేది?"

"ఇది రోజా గాదమ్మా. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాది. ప్రాణం మీదికొస్తాది. సెప్పు, ఏం సెప్పినాను?"

"ఏమీ తినద్దు, తాగద్దు. సరేనా?" అన్నది జహీరా బీ చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. మౌనిక నవ్వి చేతిమీద తట్టింది.

తెల్లవారుజామున నాలుగుంబావుకు మెలకువ వచ్చింది. రంజాన్ నెలలో లేచే వేళే అది. ఇంట్లోవాళ్ళు లేవకముందే చప్పుడు చేయకుండా మిగిలిన జొన్నరొట్టె గిన్నెలో విరుచుకుని, పాలు పోసుకుని తిన్నది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. సహరీ చేయకుండా ఒక్కపొద్దు పట్టడం ఆమె ఎరగదు. పట్టేముందు తినాలి, అజాన్ కాకముందే నోరు కడగాలి, ఆ తర్వాత ఉమ్మి కూడా చూసి మింగాలి. పన్నెండు గంటలకు మొదలయ్యే ఒక్కపొద్దు ఎక్కడైనా ఉంటుందా? ఆ పిల్ల చిన్నది, పైగా ఒక్కపొద్దుల ఇంటి పిల్ల కాదు, ఏదో పుస్తకంలో ఉన్నది చెప్పింది అనుకున్నది. తొమ్మిదింటికి కదా కోసేది, ఆలోపల ఇంత రొట్టె అరక్కుండా ఉంటుందా? మసీదులో పిలుపు మొదలయ్యేసరికి పుక్కిలించి, చెంగుతో మూతి తుడుచుకుని, నమాజుకు నిలబడింది. మనసు నిమ్మళంగా ఉంది.

ఆసుపత్రిలో వెనక ముళ్ళు వేసే పచ్చగౌను తొడిగి, జుట్టుకు టోపీ పెట్టారు. ముక్కుపుడక సబ్బునురగ రాసి మౌనికే తీసి, కాగితంలో మడిచి హుస్నా చేతిలో పెట్టింది. ఎడమచేతికి సూది గుచ్చి సీసా తగిలించింది.

"ఇదేనా మత్తు?"

"ఉప్పునీళ్ళమ్మా. అంతే. మత్తు లోపల మేడమ్ ఇస్తారు. ఏమీ తినలేదు కదా?"

"లేదు పాపా. ఒక్కపొద్దు ఉండాను."

మౌనిక కాగితం మీద గీత పెట్టింది.

లోపల చలిగా ఉంది. మత్తు డాక్టరు సునంద కర్నూలు నుంచి మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తుంది. నలభై దాటిన మనిషి, మాట మెల్లగా ఉంటుంది. "నోరు తెరవండమ్మా. కదిలే పళ్ళున్నాయా?" అని చూసింది. మెడ పైకెత్తించింది. పక్కన ట్రేలో పాలలాంటి మందు ఎక్కించిన సిరంజి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంటూ, "చివరిగా ఎప్పుడు తిన్నారు?" అని అడిగింది.

"సహరీకి తింటి మేడమ్. నాలుగున్నరకు. అజాన్ కాకముందే నోరు కడిగేసినా," అన్నది జహీరా బీ. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

సునంద చెయ్యి ఆగింది.

"ఈరోజేనా? ఏం తిన్నారు?"

"జొన్నరొట్టె, పాలు."

సిరంజి తిరిగి ట్రేలో పెట్టిన చప్పుడు చిన్నదే. కానీ గదిలో అందరూ ఆ చప్పుడు వైపు చూశారు. "చెప్పి మంచిపని చేశారు," అన్నది సునంద. "ఐదు గంటలు కూడా కాలేదు. నొప్పి ఉన్న కడుపులో తొందరగా అరగదు. నేను మధ్యాహ్నం ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. ఈరోజు మత్తివ్వను. శుక్రవారం చూద్దాం."

ఆమె పడుకున్న చక్రాల బండిని బయటికి తోశారు. వరండాలో బెంచీల మీద రోగులు, వాళ్ళతో వచ్చినవాళ్ళు ఉన్నారు. భర్త దాదాపీర్ చేతిలో చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. ఆ పక్కన హుస్నా. ఆసుపత్రి పెద్ద డాక్టరు సుధాకర్ మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చాడు.

"ఎవరు ప్రిపేర్ చేసింది ఈమెను? మౌనికా! కొంచెముంటే టేబుల్ మీద పోయేది మనిషి. తెలుసా నీకు?"

"చెప్పినాను సార్. మళ్ళీ చెప్పించినాను."

"నువ్వు మాట్లాడొద్దు." ఆయన జహీరా బీ వైపు వంగాడు. "నువ్వు చెప్పమ్మా. ఏమీ తినొద్దని ఈమె చెప్పిందా, లేదా? ఒక్కమాట."

గౌను వెనక ముడి ఊడిపోయింది. సూది లేని చేత్తో దాన్ని వీపు దగ్గర పట్టుకుని, బండి మీద సగం లేచి ఉన్నది జహీరా బీ. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. చెప్పింది అంటే తనది మూర్ఖత్వం. ఇంత వయసు వచ్చి చెప్పినమాట వినని మనిషికి ఆపరేషన్ చేయను పో అంటే? సీసాలో చుక్క పడుతున్నది. ఆమె దానివైపే చూసింది.

"సెప్పలేదు సార్."

మౌనిక నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. థియేటర్ తలుపు దగ్గర నిలబడిన సునంద కూడా ఏమీ అనలేదు. రెండో పేషెంటును పిలవమని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి వస్తుంటే ఆటోలో దాదాపీర్ అన్నాడు. "పోనీలే. సూది ఎక్కినాక మనిషి ఏం మాట్లాడతాడో మనిషికే తెల్దు."

వీధిలో ఖాసింబీ కూడా అదే అన్నది. మా చిన్నాయన మత్తులో డాక్టర్నే అల్లుడా అని పిలిచినాడు, నీదొక లెక్కా అన్నది. సాయంత్రానికి వీధంతా అదే మాట. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. తప్పు పట్టనివాళ్ళ మధ్య కూర్చోవడం అంత కష్టమని ఆమెకు అంతకుముందు తెలియదు.

బుధవారం ఒక పరుపు పని మొదలుపెట్టింది. గలీబు పరిచి, దూది గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా వేసి, అరచేత్తో సర్దుతూ పోయింది. చేతికింద ఉండ తగిలితే విప్పాలి, పల్చగా ఉన్నచోట కలపాలి. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని. ఆరోజు ఎక్కడ చెయ్యి పెట్టినా ఉండే తగిలినట్టుంది. వేసిన దూది తీసింది, మళ్ళీ వేసింది. దబ్బనంతో రెండు వరసలు గుచ్చి, వంకర పోయిందని దారం కోసేసింది. లేచి నీళ్ళు తాగింది. గుమ్మంలో నిలబడింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"యాడన్నా ఒక్కచోట ఉండరాదా?" అన్నాడు దాదాపీర్, దూది మూట విప్పుతూ. "నువ్వు అటూ ఇటూ పోతాంటే దూదంతా లేస్తాంది."

హుస్నా బట్టల షాపులో పనిచేస్తుంది. ఆరోజు మధ్యాహ్నం అన్నానికి వచ్చి, చేతులు కడుక్కోకుండానే చెప్పింది.

"ఆసుపత్రి ఆయా ఉచ్చీరమ్మ షాపుకొచ్చింది. మౌనికను రావద్దన్నారంట. రెండేండ్లు చేసినదానికి అనుభవం సర్టిఫికెట్టు గూడ ఇయ్యం పో అన్నారంట. గవర్నమెంటు కాంట్రాక్టు పోస్టుకు పెట్టుకోవల్లంట ఆ పాప. శనివారం ఆఖరి తేదీ."

దబ్బనం జహీరా బీ వేళ్ళ మధ్య ఉండిపోయింది.

"ఆ పాప సెప్పేటప్పుడు నేను నీ పక్కనే ఉండాను మా," అన్నది హుస్నా.

"ఉంటే ఆడ పలకాల్సింది. ఎందుకు పలకలేదు?"

"ఏమని పలకాల? మా అమ్మ అబద్ధం సెప్తాంది సార్ అనా?"

దాదాపీర్ మూట వదిలేసి వచ్చాడు. "శుక్రవారం ఆపరేషన్ పెట్టుకొని ఇప్పుడెందుకు ఈ గొడవ? ఆయప్పకు కోపమొచ్చి నేను సెయ్యను పోండి అంటే కర్నూలుకు పోవాల. ఆడ ఎన్ని రోజులు తిప్పుతారో ఏమో. పోయిన వారం నొప్పికి నేల మీద పడి పొర్లితివి, మర్చిపోతివా? ఆపరేషన్ కానీ. అయినాక పోయి సెప్పుకో, ఎవరొద్దన్నారు? మత్తులో అన్నానని సెప్పు."

"నాకు మత్తియ్యలేదు."

"సూది గుచ్చినారు గదా."

"ఉప్పునీళ్ళు. నేను అడిగినా. ఆ పాపే సెప్పింది."

ఆయన కాసేపు ఆమె ముఖం చూసి, మళ్ళీ మూట దగ్గరికి పోయాడు. ఆమెకు వేరే లెక్క ఉంది, అది ఆయనకు చెప్పలేదు. శుక్రవారం ఆ పాలలాంటి మందు ఎక్కి, తాను తిరిగి రాకపోతే? ఖాసింబీ కోడలి మాటకు మాఫీ ఆగినా నష్టం లేదు. ఇది ఆగితే?

గురువారం పొద్దున ఉచ్చీరమ్మను అడిగి అడ్రసు తెలుసుకుని, ఎమ్మిగనూరు బస్సు ఎక్కింది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా కుడిపక్క చెయ్యి అదుముకుంది. కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన చూసి, ఏమీ అడగకుండా లేచి ఆమెను కిటికీ వైపు జరగమన్నాడు. గాలి తగిలితే కొంచెం నయమనిపించింది.

నేతగాళ్ళ వీధి ఏదని ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. మగ్గాల చప్పుడే దారి చూపింది. మూడో సందులో, తలుపు తీసి ఉన్న ఇంట్లో, గుంటమగ్గంలో కాళ్ళు దింపి కూర్చున్న మనిషి మౌనిక తండ్రి నాగప్ప. తల్లి మద్దమ్మ గోడవార పొయ్యి దగ్గర ఉంది. మౌనిక రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నది. ఎడమచేత్తో దారం పట్టుకుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ తలెత్తి చూసింది. చక్రం ఆపలేదు.

"ఎవురు కావల్లక్కా?" అన్నాడు నాగప్ప.

"ఈమెనే నాయనా," అన్నది మౌనిక. "రొట్టె తిన్నామె."

మగ్గం ఆగింది. ఆ చిన్న ఇంట్లో రాట్నం ఒక్కటే వినిపించింది. మద్దమ్మ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి జహీరా బీ చేతికిచ్చింది.

"తాగు. ఈ పొద్దు తాగచ్చు గదా?"

జహీరా బీ తాగింది. ఆ మాటకు కోపం రాలేదు. ఎండలో వచ్చిన మనిషికి ముందు నీళ్ళిచ్చి, ఆ తర్వాతే దెప్పింది. చెంబు కింద పెట్టి, నేలమీద కూర్చుంది. బస్సులో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పాపా, నువ్వు సెప్పినావు. నేను ఇన్లేదు. ఆడ సార్ ముందర సెప్పలేదంటి. తప్పయింది. మాఫ్ సెయ్యి."

మౌనిక నిండిన కండెను తీసి గంపలో వేసి, ఇంకొకటి తగిలించింది.

"ఈడ సెప్తే ఎవరింటారమ్మా? మా నాయనకు తెలుసు, మా అమ్మకు తెలుసు. నేను సెప్పకుండా ఉండేదాన్ని గాదని ఈ మగ్గానికి గూడ తెలుసు. ఆడ సెప్పినావు, ఆడనే సెప్పాల."

"రేపు సెప్తా."

"ఎప్పుడు? ఆపరేషన్ అయినాకా?"

జహీరా బీ కింద పెట్టిన చెంబును పక్కకు జరిపింది.

"అయినాకే సెప్తావులే," అన్నది మౌనిక. గొంతు కఠినంగా లేదు, అలిసిపోయి ఉంది. "ముందు సెప్తే ఆయన ఏమంటాడోనని నీకు బయం. నీ బయం నాకు తెలుస్తాంది. మత్తులో అన్నానని సెప్పు, నీకేమీ గాదు. అందరూ నమ్ముతారు."

"మరి మాఫీ?"

"అది మీ మాట. మాకు అట్ల అడగడం, అట్ల ఇయ్యడం లేదు. నాకు రెండేండ్ల సర్టిఫికెట్టు పోయింది. ఇయ్యాల నువ్వడిగినావని ఊ అంటే రాత్రికి నాకు నిద్ర వస్తాదా?"

నాగప్ప మగ్గంలోంచే అన్నాడు. "ఒద్దులే పాపా, పెద్దామె వచ్చింది ఇంత దూరం."

"నువ్వు నెయ్యి నాయనా."

మగ్గం మళ్ళీ మొదలైంది. జహీరా బీ ఇంకాసేపు కూర్చుంది. లేచేటప్పుడు కుడిపక్క పట్టేసి ఒంగిపోయింది. గోడ పట్టుకుంది. మౌనిక చక్రం ఆపి, లేవబోయి, లేవలేదు. మద్దమ్మ వచ్చి రెక్క పట్టుకుని గడప దాటించింది.

శుక్రవారం నాలుగుంబావుకు మెలకువ వచ్చినా వంటింట్లోకి పోలేదు. చాప మీదే కూర్చుంది. గొంతు ఎండింది. నమాజు చేసుకుని, దాదాపీర్ లేచేదాకా అటూ ఇటూ నడిచింది.

ఆసుపత్రిలో కొత్త నర్సు కాగితాలు తెచ్చింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నానని, మత్తువల్ల ఏమైనా జరగవచ్చని తెలిసే ఒప్పుకున్నానని రాసి ఉన్న కాగితం అది. జహీరా బీ పెన్ను పట్టుకున్నది కానీ సంతకం చేయలేదు.

"పెద్ద సార్‌తో ఒక మాట సెప్పాల."

"సార్ లోపలున్నారమ్మా. ముందు సంతకం పెట్టు."

"సెప్పినాకే."

దాదాపీర్ చెవి దగ్గర గొణిగాడు. "జహీరా, ఒద్దు." ఆమె వినలేదు. పచ్చగౌనులో, ఈసారి ముడి తానే రెండుసార్లు వేసుకుని, బండి మీద కాకుండా నేలమీద నిలబడింది. చివరికి సుధాకర్ బయటికి వచ్చాడు. అవే బెంచీలు, వేరే మనుషులు.

"ఏమ్మా? ఈరోజు కూడా తిన్నావా?"

బెంచీల మీద ఎవరో నవ్వారు.

"తినలేదు సార్. ఆరోజు మౌనిక సెప్పింది. రాత్రి పన్నెండు నుంచి నీళ్ళు గూడ వద్దని సెప్పింది. నాతో మళ్ళీ సెప్పించింది. నేనే ఇన్లేదు. మీరడిగితే సెప్పలేదంటి."

సుధాకర్ చేతి గడియారం చూసుకున్నాడు. "సరేలే. అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు అవన్నీ ఎందుకు? టైమవుతోంది, సంతకం పెట్టు."

"ఆ పాపకు రెండేండ్లదీ సర్టిఫికెట్టు రాసియ్యండి సార్. రేపే ఆఖరి తేదీ. నేను సంతకం పెడతా."

"ఆపరేషన్ కానీ. తర్వాత చూద్దాం."

"ముందే సార్. మత్తిచ్చినాక నేనెవరో, మీరెవరో."

ఆయన ముఖం ఎర్రబడింది. దాదాపీర్ చెయ్యి జహీరా బీ మోచేతిని పట్టుకుంది. అప్పుడు థియేటర్ తలుపు తీసుకుని సునంద బయటికి వచ్చింది. ఎంతసేపటినుంచి వింటున్నదో తెలియదు.

"రాసివ్వండి సార్," అన్నది మెల్లగా. "ఆ అమ్మాయి ప్రతి పేషెంటుకూ చెప్పి, మళ్ళీ చెప్పిస్తుంది. రెండేళ్ళుగా చూస్తున్నాను. ఆరోజే నేను మీకీ మాట చెప్పాల్సింది. నేనూ నోరు తెరవలేదు."

సుధాకర్ సునందను చూశాడు, బెంచీలను చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, దాదాపు దయగా, జహీరా బీతో అన్నాడు. "సరే. ఇట్లా చేద్దాం. రోగి ఆరోజు మత్తులో తప్పు చెప్పింది, నర్సు పొరపాటు లేదు అని రాస్తాను. నీకూ మర్యాదగా ఉంటుంది."

ఆ మాట ఎంత మెత్తగా వచ్చిందంటే, జహీరా బీ ఒక్క క్షణం దానిమీద వాలిపోవాలనుకున్నది. వీధంతా చెప్పినమాటే. దాదాపీర్ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"మత్తు గాదు సార్," అన్నది. "ఆరోజు నాకెక్కింది ఉప్పునీళ్ళు. తెలివిలోనే అబద్ధం సెప్పినా. అట్లనే రాయండి."

చీపురు పట్టుకుని నిలబడ్డ ఉచ్చీరమ్మ, "యమ్మా!" అన్నది పైకే.

సునంద ఆసుపత్రి పేరున్న కాగితం తెప్పించి, నిలబడే రాసింది. రెండేళ్ళ పని, మంచి నడవడి, ఆనాటి సంగతిలో నర్సు తప్పు లేదని. సుధాకర్ సంతకం చేసి, కౌంటర్ వైపు చూపించి, "ముద్ర వేయండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ పనిలోకి రమ్మనే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఉచ్చీరమ్మ ఫోన్‌తో ఫోటో తీసి మౌనికకు పంపింది. అసలు కాగితాన్ని హుస్నా బ్యాగులో పెట్టుకుంది, సాయంత్రం ఎమ్మిగనూరు తీసుకుపోవడానికి. ఉచ్చీరమ్మ ఫోన్‌వైపు చూసి, "సూసింది. ఏమీ పెట్టలేదు," అన్నది. జహీరా బీ తల ఊపి, తెలుగులో, అక్షరం అక్షరం విడివిడిగా సంతకం చేసింది.

బల్ల సన్నగా ఉంది, పక్కకు తిరిగితే పడిపోయేటట్టు. రెండు చేతులూ చాపించారు. ఛాతీమీద చల్లటి బిళ్ళలు అంటించారు. వేలికి క్లిప్పు పెట్టగానే ఎక్కడో టిక్కుటిక్కుమని మొదలైంది.

"అది మీ గుండే," అన్నది సునంద. "కొంచెం తొందరపడుతోంది."

"మేడమ్, తిరిగి వస్తా గదా?"

"నేను మీ తల దగ్గరే ఉంటాను. అయిపోయేదాకా లేవను."

మాస్కు ముఖానికి ఆనింది. ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బిందె వాసన. గట్టిగా పీల్చమన్నారు, పీల్చింది. పాలలాంటి మందు చేతిలోకి పోతుంటే మోచెయ్యిదాకా మంట పాకింది. "మండుతాంది," అన్నది. "తెలుసు, పోతుంది," అని పైనుంచి వినిపించింది. ఎవరో స్టూలు జరిపారు. ఆ చప్పుడు చాలా దగ్గర, చెవిలోనే జరిపినట్టు. పైన దీపాలు ఆరు ఉన్నాయి. కలిమా చదవడం మొదలుపెట్టింది. మొదటి మాట నోట్లోనే ఉంది, రెండో మాట

"జహీరా బీ! కళ్ళు తెరవండి."

తెరిచింది. "ఇంగా మొదలుపెట్టలేదా మేడమ్?"

గొంతు గీరుకుపోయి, మాట గాలిలా వచ్చింది. ఎవరో నవ్వారు. "అయిపోయిందమ్మా. గంటన్నర." గోడమీద గడియారం పదకొండు దాటింది. ఆమె ఆ గంటన్నర కోసం వెతికింది. కల లేదు, చీకటి కూడా లేదు. చీకటైతే చీకటి అని తెలుస్తుంది కదా. పోయిన దారీ లేదు, వచ్చిన దారీ లేదు. ఎన్ని రాత్రులు దీనికి భయపడిందో తలుచుకుంటే సిగ్గేసింది. ఒళ్ళంతా వణికింది. ఒక దుప్పటి కప్పారు, అది వేడిగా ఉంది.

మంచం మీదికి మార్చాక, దాదాపీర్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. దుప్పటి మీదినుంచే పాదాలు పట్టుకున్నాడు. పొట్ట నొప్పి అనుకున్నంత లేదు. కానీ కుడిభుజం, మెడ కింద, ఎవరో గుణపం దించినట్టు నొస్తున్నది. అది ఆమెను భయపెట్టింది. భుజాన్ని ఎవరూ కోయలేదు కదా. లోపల ఏమన్నా తప్పు జరిగిందా? తాను చేసినదానికి ఇది అనుభవించాలా? ఎవరికీ చెప్పలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా నొప్పి వస్తుంటే, చిన్నచిన్నగా పీల్చుకుంటూ పడుకుంది.

ఉచ్చీరమ్మ చేతిలో ఫోన్‌తో వచ్చి మంచం పక్కన నిలబడింది.

"మౌనిక ఫోన్ సేసింది."

జహీరా బీ తల తిప్పింది.

"లేసిందా అని అడిగింది. లేసింది అంటిని."

"ఇంగా?"

"మేడమ్ రాసింది సూసిందంట. రేపు పొద్దునే పోయి ఇస్తాదంట. ఈడికి మాత్రం మళ్ళా రాదంట, పిలిచినా రాదంట." ఉచ్చీరమ్మ గొంతు తగ్గించింది. "మాఫీ గీఫీ ఏమీ అనలేదక్కా. నేను గూడ అడగలేదు."

"సరే."

"ఒకటి మాత్రం నీకు సెప్పమన్నది. బుజం నొస్తాదంట నీకు. పొట్టలో గాలి నింపి సేస్తారు గదా, ఆ గాలి పైకి తగుల్తాదంట. అందరికీ వస్తాది, రెండు దినాల్లో పోతాది, బయపడద్దని సెప్పు, ఆమె ఎవరికీ సెప్పకుండా బయపడతా ఉంటాది అన్నది. నొస్తాందా ఏంది?"

దాదాపీర్ తలెత్తి చూశాడు. జహీరా బీ సూది లేని చేతిని మెల్లగా ఎత్తి, కుడిభుజం మీద పెట్టుకుంది. నొప్పి అక్కడే ఉంది, ఇందాకటంతే ఉంది.

"నొస్తాంది," అని, ఈసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.